వాహనానికీ కూడలికీ మధ్య నిస్తంత్రీ సంభాషణ : 5.9 గిగాహెర్ట్జ్ అనుభవం

నగర కూడలిలోని సిగ్నల్ స్తంభానికి అమర్చిన చిన్న నిస్తంత్రీ పరికరం, తన వైపు వస్తున్న వాహనంతో నేరుగా సంభాషిస్తుంది. ఎర్ర దీపం ఇంకా ఎన్ని క్షణాలలో పడనున్నదీ, పక్క వీధి నుంచి అంబులెన్స్ వస్తున్నదీ లేనిదీ చోదకునికి ముందుగానే తెలియజేస్తుంది. ఈ విధానానికి అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1999లో 75 మెగాహెర్ట్జ్ వెడల్పు గల తరంగ పట్టీని ప్రత్యేకంగా కేటాయించాయి. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత, 2020లో, అందులో సగానికి పైగా భాగాన్ని తిరిగి తీసుకుని ఇళ్లలోని వై-ఫైకి ఇచ్చివేశాయి. మిగిలిన భాగంలో కూడా అప్పటి వరకు వాడిన సాంకేతిక విధానానికి స్వస్తి చెప్పి, వేరొక విధానాన్ని ప్రవేశపెట్టాయి. ఈ మధ్యకాలంలో ప్రజాధనంతో రహదారుల పక్కన పరికరాలు అమర్చుకున్న నగరాలు, రాష్ట్రాలు ఎదుర్కొన్న పరిస్థితి, తెలివైన రవాణా వ్యవస్థల పేరిట పరికరాల కొనుగోలుకు ఉపక్రమించే ప్రతి పాలనా యంత్రాంగానికీ పరిశీలనార్హమైనది. పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఈ వ్యవస్థ స్వరూప స్వభావాలను, దాని చరిత్రను, మన దేశంలో దానికి దగ్గరగా ఉన్న ఏర్పాట్లను ఇక్కడ వివరించడమైనది.

వ్యవస్థ స్వరూపం

ఈ వ్యవస్థలో ప్రధానంగా రెండు పరికరాలు ఉంటాయి. వాహనంలో అమర్చేది ఒకటి, రహదారి పక్కన స్తంభానికి అమర్చేది మరొకటి. వాహనంలోని పరికరం ప్రతి క్షణానికీ పది పర్యాయాలు ఒక చిన్న సందేశాన్ని ప్రసారం చేస్తుంది. వాహనం ఉన్న స్థానం, వేగం, దిశ, బ్రేకు వేసి ఉన్నదీ లేనిదీ, వాహనం పొడవు వెడల్పులు అందులో ఉంటాయి. యజమాని పేరు గాని, రిజిస్ట్రేషన్ నెంబరు గాని ఉండవు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు క్షణానికి దాదాపు 28 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఒక సందేశానికీ తరువాతి సందేశానికీ మధ్య అది కదిలే దూరం మూడు మీటర్లకు లోపే. ఈ లెక్కను బట్టే పది పర్యాయాలు అన్న నియమం ఎందుకు అవసరమైనదో గ్రహించవచ్చు.

రహదారి పక్కనున్న పరికరం ప్రధానంగా రెండు విధాలైన సందేశాలను పంపుతుంది. కూడలి పటం మొదటిది. ఏ వరుస ఎక్కడ ఆరంభమై ఎక్కడ ఆగుతుంది, ఏ వరుస నుంచి ఎటు మళ్లవచ్చు అన్న వివరాలు అందులో ఉంటాయి. ప్రస్తుతం ఏ వరుసకు ఏ దీపం వెలుగుతున్నది, అది ఎంతసేపట్లో మారనున్నది అన్న సమాచారం రెండవది. ఈ రెండూ కలిస్తేనే వాహనంలోని యంత్రం లెక్క వేయగలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న వాహనానికి కూడలి 300 మీటర్ల దూరంలో ఉన్నప్పుడే సందేశం అందితే, చోదకునికి దాదాపు 18 క్షణాల వ్యవధి లభిస్తుంది. ఎర్ర దీపాన్ని దాటిపోయే ప్రమాదమున్నదని హెచ్చరించడానికి ఈ వ్యవధి ఎంతో ఎక్కువ.

అంబులెన్సులు, అగ్నిమాపక వాహనాలు, ఆలస్యంగా నడుస్తున్న సిటీ బస్సులు కూడలికి ఒక అభ్యర్థన సందేశం పంపి, పచ్చదీపాన్ని కొద్దిసేపు పొడిగించమని గాని, ముందుగా ఇవ్వమని గాని కోరవచ్చు. కూడలి పరికరం ఆ అభ్యర్థనను మన్నించినదీ లేనిదీ తిరిగి తెలియజేస్తుంది. అనుమతి లేని వాహనం ఈ విధంగా దీపాన్ని మార్చుకోజాలదు.

5.9 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు ఐదు సెంటీమీటర్లు. వర్షం వల్ల ఇంత తక్కువ దూరంలో దీనికి చెప్పుకోదగిన నష్టం కలగదు. అసలు ఆటంకం భవనాలు, దట్టమైన చెట్లు, ఎదురుగా నిలిచిన లారీలు, బస్సులు. ఎత్తైన స్తంభంపై అమర్చిన కూడలి పరికరానికి ఈ ఆటంకం కొంత తగ్గుతుంది. వాహనం నుంచి వాహనానికి సందేశం పంపడం కంటే, స్తంభం నుంచి వాహనానికి పంపడం నగరాలలో అనేక సందర్భాలలో నమ్మదగినదిగా ఉండడానికి ఇది ఒక కారణం.

నకిలీ సందేశాలను అరికట్టడం ఈ వ్యవస్థలో అతి కష్టమైన అంశం. దుండగుడెవరైనా అబద్ధపు సందేశాలు పంపి వాహనాలను ఆపే ప్రమాదం లేకపోలేదు. అందుచేత ప్రతి సందేశానికీ ఒక డిజిటల్ సంతకం జోడిస్తారు. అయితే ఒకే ధ్రువపత్రాన్ని ఎల్లప్పుడూ వాడితే దాని ఆనవాలుతో వాహనం రాకపోకలను ఎవరైనా అనుసరించవచ్చు. దీనికి పరిష్కారంగా, అమెరికాలో రూపొందించిన పద్ధతిలో వాహనానికి వారానికి 20 తాత్కాలిక ధ్రువపత్రాలు ఇచ్చి, వాటిని తరచుగా మారుస్తూ వాడే ఏర్పాటు చేశారు. నమ్మకం కుదరాలి, గుర్తింపు మాత్రం బయటపడకూడదు. ఈ రెంటినీ పొసగించడానికి పట్టిన శ్రమ, రేడియో పరికరం తయారీకి పట్టిన శ్రమ కంటే తక్కువ కాదు.

తరంగ పట్టీ కేటాయింపు, సుదీర్ఘ నిరీక్షణ

1997లో అమెరికాలోని తెలివైన రవాణా వ్యవస్థల సంఘం, అక్కడి కేంద్ర సమాచార ప్రసార నియంత్రణ సంస్థ అయిన ఎఫ్.సి.సి.కి ఈ మేరకు విజ్ఞాపన సమర్పించింది. 1998లో వచ్చిన రవాణా చట్టం ఈ అంశాన్ని పరిశీలించవలసిందిగా ఆ సంస్థను ఆదేశించింది. 1999 అక్టోబరులో 5.850 నుంచి 5.925 గిగాహెర్ట్జ్ వరకు గల పట్టీని రవాణా అవసరాలకు కేటాయించారు. లైసెన్సుల నియమావళిని 2003 డిసెంబరులో ఆమోదించారు. పట్టీని పదేసి మెగాహెర్ట్జ్ గల ఏడు ఛానళ్లుగా విభజించి, మిగిలిన ఐదు మెగాహెర్ట్జ్‌ను అంచున ఖాళీగా ఉంచారు. వాడవలసిన సాంకేతిక విధానాన్ని డి.ఎస్.ఆర్.సి. అని వ్యవహరించారు. స్వల్ప దూర ప్రత్యేక సమాచార విధానమని దానికి అర్థం. వై-ఫై కుటుంబానికి చెందిన 802.11పి అనే ప్రమాణం దీనికి ఆధారం. ఆ ప్రమాణం 2010లో గాని ఆమోదం పొందలేదు. స్థలం కేటాయించిన పదకొండేళ్లకు ఇంటి నమూనా ఖరారైనట్లు అయినది.

అటు పిమ్మట మరో చిక్కు ఎదురైనది. స్తంభాలపై పరికరాలు లేనందున వాహనాల తయారీదారులు తమ కార్లలో అమర్చలేదు. కార్లలో లేనందున నగరాలు స్తంభాలపై అమర్చలేదు. విత్తు ముందా చెట్టు ముందా అన్న ఈ చర్చ అనేక సంవత్సరాలు సాగింది. ఒక్కొక్క రహదారి స్థలంలో పరికరాలు నెలకొల్పడానికి సగటున 50 వేల డాలర్లకు పైగా వ్యయం కాగలదని అమెరికా రవాణా శాఖ నివేదిక అంచనా వేసింది. స్తంభం నుంచి కేంద్ర కార్యాలయానికి తీగ లైను వేయడానికయ్యే ఖర్చే చోటును బట్టి 3 వేల నుంచి 40 వేల డాలర్ల వరకు ఉంటుందని తెలిపింది. పరికరం ధర కంటే దానికి తవ్వవలసిన కాలువ ధర ఎక్కువైన సందర్భాలు ఉన్నాయన్న మాట. మన పురపాలక ఇంజినీర్లకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు.

ఈ చిక్కు తొలగాలంటే కొత్త కార్లన్నింటిలో పరికరం తప్పనిసరి చేయడమే మార్గమని అక్కడి జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ భావించింది. 2014 ఆగస్టులో విడుదల చేసిన పత్రంలో, కూడళ్లలో అడ్డంగా వచ్చే వాహనాల గురించి, ఎడమవైపు మళ్లే సందర్భాల గురించి హెచ్చరించే రెండే రెండు అనువర్తనాలు పూర్తిగా అమలైతే ఏటా 5,92,000 వరకు ప్రమాదాలను నివారించవచ్చునని, 1,083 వరకు ప్రాణాలు కాపాడవచ్చునని అంచనా వేసింది. 2016 డిసెంబరులో తప్పనిసరి నిబంధన ముసాయిదాను ప్రకటించింది. ఆ ముసాయిదా చట్టరూపం దాల్చలేదు. ఏళ్ల తరబడి అలాగే ఉండి, 2023లో ఉపసంహరణకు గురైనది.

క్షేత్రస్థాయి ప్రయోగాలు

విధాన నిర్ణయాలు నత్తనడక నడచినప్పటికీ, క్షేత్రస్థాయిలో జరిగిన కృషి మాత్రం విశేషమైనది. 2012 ఆగస్టులో మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ పట్టణంలో, మిషిగన్ విశ్వవిద్యాలయ రవాణా పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో దాదాపు 2,800 వాహనాలతో ప్రయోగం ఆరంభమైనది. సాధారణ పౌరుల కార్లు, లారీలు, బస్సులు ఇందులో పాల్గొన్నాయి. ప్రయోగశాల వెలుపల, నిజమైన వాహనాల రద్దీలో ఈ సందేశాలు పనిచేస్తాయని ఇది నిరూపించింది.

2015 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ న్యూయార్క్ నగరాన్ని, ఫ్లోరిడాలోని టాంపా నగరాన్ని, వయోమింగ్ రాష్ట్రాన్ని ఎంపిక చేసి, మూడింటికీ కలిపి 4 కోట్ల 20 లక్షల డాలర్ల వరకు మంజూరు చేసింది. మూడు చోట్లా సమస్యలు వేరు.

న్యూయార్క్‌లో మన్‌హాటన్ ప్రాంతపు ప్రధాన వీధులలోను, బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్ అవెన్యూలోను సుమారు 450 రహదారి పరికరాలు అమర్చారు. మొదట 8,000 వాహనాలు లక్ష్యంగా పెట్టుకున్నా, చివరకు సుమారు 3,000 వాహనాలకు పరిమితమయ్యారు. అక్కడ ఎదురైన అసలు కష్టం ఆకాశహర్మ్యాలు. ఉపగ్రహ సంకేతాలు ఎత్తైన భవనాలకు తగిలి పరావర్తనం చెందడం వల్ల, వాహనం తానున్న వీధిని గాక పక్క వీధిని చూపే పరిస్థితి ఏర్పడింది. ఏ వరుసలో ఉన్నదీ తెలియని వాహనానికి ఆ వరుస దీపం గురించి చెప్పి ప్రయోజనం లేదు. స్తంభాలపై ఉన్న పరికరాల సంకేతాలనే ఆధారంగా చేసుకుని, వాటి దూరాన్ని లెక్కించి వాహనం స్థానాన్ని సరిదిద్దే పద్ధతిని అక్కడి ఇంజినీర్లు రూపొందించారు. హెచ్చరిక కోసం నిలిపిన స్తంభం దారి చూపే గుర్తుగా కూడా ఉపయోగపడింది. చూపులేని పాదచారులకు చేతి ఫోను ద్వారా కూడలి దాటే సమాచారం ఇచ్చే అనువర్తనాన్ని కూడా ఈ ప్రాజెక్టులో పరీక్షించారు.

న్యూయార్క్ అధికారులు తీసుకున్న మరొక జాగ్రత్త పేర్కొనదగినది. హెచ్చరిక వెలువడిన సందర్భాలలో నమోదైన సమాచారం నుంచి సమయం, స్థలం వివరాలను గుర్తుపట్టలేని విధంగా మార్చి భద్రపరచారు. తమ సొంత వాహనమే తమపై సాక్ష్యం చెబుతుందన్న భయం చోదకులలో ఉంటే ఎవరూ పరికరాన్ని అమర్చుకోరన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ప్రజల సహకారం అవసరమైన ఏ సాంకేతిక కార్యక్రమానికైనా ఈ విషయం వర్తిస్తుంది.

టాంపా సమస్య విలక్షణమైనది. అక్కడి సెల్మన్ ఎక్స్‌ప్రెస్‌వేలో కొన్ని వరుసలు ఉదయం నగరం వైపు, సాయంత్రం నగరం నుంచి వెలుపలకు నడుస్తాయి. దిశ మారిన సంగతి గమనించని చోదకుడు ఎదురు దిశలో ప్రవేశించే ప్రమాదం నిత్యం ఉంటుంది. ప్రవేశ ద్వారం వద్దనున్న పరికరం అటువంటి వాహనాన్ని గుర్తించి, దాని చోదకునికీ, ఎదురుగా వస్తున్న వారికీ ఏకకాలంలో హెచ్చరిక పంపే ఏర్పాటు చేశారు. వెనుక చూపు అద్దంలోనే హెచ్చరిక కనిపించేది. స్వచ్ఛందంగా తమ కార్లలో పరికరం అమర్చుకున్న పౌరులకు టోల్ రుసుములో రాయితీ ఇచ్చారు. వీధి ట్రాము ముందు నుంచి అడ్డంగా మళ్లే కార్లకు కూడా హెచ్చరిక ఉండేది.

వయోమింగ్ నగరం కాదు, గాలివాన, మంచు తుఫానుల మధ్య సాగే 402 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారి. లారీలు గాలికి బోర్లా పడడం, మంచులో ఒకదానినొకటి ఢీకొనడం అక్కడ తరచుగా జరిగేవి. ఇంత పొడవైన దారికి అమర్చినవి 75 రహదారి పరికరాలే. అందుచేత ఒక లారీ తాను అందుకున్న హెచ్చరికను, తాను చూసిన ప్రమాదాన్ని ఎదురు వస్తున్న లారీకి అందించే పద్ధతికి ప్రాధాన్యమిచ్చారు.

ఈ మూడింటి కంటే తక్కువ ప్రచారం పొందినది యూటా రాష్ట్ర ప్రయత్నం. 2017లో సాల్ట్ లేక్ సిటీలోని రెడ్‌వుడ్ రోడ్డులో, సమయానికి వెనుకబడిన బస్సు మాత్రమే కూడలిని పచ్చదీపం కోరే విధంగా ఏర్పాటు చేశారు. సమయానికి నడుస్తున్న బస్సుకు ఆ సదుపాయం లేదు. పెద్ద సంఖ్యలో ప్రైవేటు కార్లలో పరికరాలు వచ్చే వరకు ఎదురు చూడకుండా, ప్రభుత్వ సంస్థ చేతిలోనే రెండు కొసలూ ఉన్న పనిని ఎంచుకోవడం ఇందులోని విశేషం. బస్సూ ప్రభుత్వానిదే, స్తంభమూ ప్రభుత్వానిదే అయినప్పుడు విత్తు, చెట్టు సమస్య తలెత్తదు. ఈ రంగంలో జరిగిన ప్రయోగాలలో ఇతర నగరాలకు వెంటనే అనుసరణీయమైనది ఇదేనని చెప్పవచ్చు.

దీనికి తోడు, ప్రతి రాష్ట్రంలోనూ దాదాపు 20 కూడళ్లు గల ఒక మార్గాన్ని 2020 జనవరి నాటికి సిద్ధం చేయాలన్న పిలుపుకు రాష్ట్రాల రవాణా శాఖల నుంచి స్పందన వచ్చింది. 2018 చివరి నాటికి దేశవ్యాప్తంగా 70కి పైగా ప్రాంతాలలో ఇటువంటి పరికరాలు పనిచేస్తున్నాయని అమెరికా రవాణా శాఖ ప్రకటించింది.

పట్టీ విభజన

సరిగ్గా ఈ దశలోనే రెండు వైపుల నుంచి ఒత్తిడి పెరిగింది. ఇళ్లలో, కార్యాలయాలలో వై-ఫై వినియోగం విపరీతంగా పెరగడంతో, పక్కనే ఉన్న 5.850 గిగాహెర్ట్జ్ సరిహద్దు దాటి మరికొంత చోటు కావాలని ఆ రంగం కోరింది. మరోవైపు సెల్‌ఫోన్ ప్రమాణాలు రూపొందించే 3జి.పి.పి. సంస్థ తన 14వ విడుదలలో వాహనాల కోసం వేరొక నిస్తంత్రీ విధానాన్ని తీసుకువచ్చింది. సి-వి2ఎక్స్‌గా ఇది ప్రసిద్ధి పొందింది. పేరులో సెల్యులార్ అన్న మాట ఉన్నా, వాహనం నుంచి వాహనానికి, స్తంభానికి సందేశం పంపడానికి సెల్ టవరు అవసరం లేదని ఇక్కడ గమనించవలసి ఉన్నది. సెల్‌ఫోన్ చందా గాని, టవరు సిగ్నల్ గాని లేకుండానే ఈ నేరు మార్గం పనిచేస్తుంది. వార్తాకథనాలలో ఈ పొరపాటు తరచుగా దొర్లుతున్నందున ప్రత్యేకంగా ప్రస్తావించడమైనది.

రెండు విధానాలూ చెప్పే సందేశం ఒకటే. అదే స్థానం, అదే వేగం, అదే దీపం. కాని ఒక విధానపు పరికరం రెండవ విధానపు సందేశాన్ని వినలేదు. తెలుగు మాత్రమే తెలిసిన వ్యక్తీ, తమిళం మాత్రమే తెలిసిన వ్యక్తీ ఒకే హెచ్చరికను ఏకకాలంలో కేకవేస్తే ఎదుటివారికి ఏ మేరకు ప్రయోజనమో, ఇక్కడా అంతే. వాహన తయారీదారులు సైతం రెండు వర్గాలుగా చీలిపోయారు. జనరల్ మోటార్స్ 2017లో తన కాడిలాక్ సి.టి.ఎస్. కారులో డి.ఎస్.ఆర్.సి.ని అమర్చింది. టయోటా 2021 నుంచి అమెరికాలో అదే విధానాన్ని ప్రవేశపెట్టగలమని 2018లో ప్రకటించి, 2019లో ఆ యోచనను నిలిపివేసింది. ఫోర్డ్ 2019 జనవరిలో సి-వి2ఎక్స్ వైపు మొగ్గింది.

2019 డిసెంబరులో ఎఫ్.సి.సి. పట్టీ విభజన ప్రతిపాదనను వెలువరించింది. అమెరికా రవాణా శాఖ, రాష్ట్రాల రవాణా శాఖలు దీనిని వ్యతిరేకించాయి. రహదారులపై ప్రాణాలు కాపాడే అవకాశాన్ని ఇంటర్నెట్ వేగం కోసం వదులుకోరాదన్నది వారి వాదన. ఇరవై ఏళ్లు గడచినా పట్టీ విస్తృత వినియోగంలోకి రాలేదన్నది ఎఫ్.సి.సి. వాదన. రెండింటిలోనూ కాదనలేని వాస్తవం ఉన్నది. 2020 నవంబరు 18న అజిత్ పాయ్ అధ్యక్షతన సమావేశమైన ఎఫ్.సి.సి., దిగువనున్న 45 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అవసరం లేని వినియోగానికి, ఎగువనున్న 30 మెగాహెర్ట్జ్‌ను సి-వి2ఎక్స్ విధానానికి కేటాయిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. దిగువ భాగాన్ని 2022 జులై నాటికి రవాణా వినియోగదారులు ఖాళీ చేయవలసి వచ్చింది. తెలివైన రవాణా వ్యవస్థల సంఘం, రాష్ట్ర రహదారుల అధికారుల సంఘం దాఖలు చేసిన వ్యాజ్యాన్ని వాషింగ్టన్‌లోని అప్పీళ్ల న్యాయస్థానం 2022 ఆగస్టులో తోసిపుచ్చింది.

సి-వి2ఎక్స్ తుది నియమావళి 2024 నవంబరులో వెలువడింది. మిగిలి ఉన్న డి.ఎస్.ఆర్.సి. పరికరాల ప్రసారానికి 2026 డిసెంబరును గడువుగా నిర్ణయించారు. అంతకు ముందు 2024 ఆగస్టులో రవాణా శాఖ ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించింది. 2028 నాటికి జాతీయ రహదారి వ్యవస్థలో 20 శాతం మేర, 75 పెద్ద నగర ప్రాంతాలలోని సిగ్నల్ కూడళ్లలో 25 శాతం మేర ఈ సదుపాయం కల్పించాలన్నది అందులోని తొలిదశ లక్ష్యం. అదే ఏడాది జూన్‌లో అరిజోనా, టెక్సాస్, యూటాలలోని సంస్థలకు దాదాపు 6 కోట్ల డాలర్లు మంజూరు చేశారు. ముందుగా అడుగువేసిన యూటాకు ఈ జాబితాలో చోటు దక్కడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఇతర దేశాలలో

ఐరోపా సంఘం 2008లో 5.875 నుంచి 5.905 గిగాహెర్ట్జ్ వరకు రవాణా భద్రతకు కేటాయించింది. వై-ఫై ఆధారిత విధానాన్నే ప్రామాణికం చేయాలన్న ప్రతిపాదన 2019 జులైలో సభ్యదేశాల మండలిలో వీగిపోయింది. అయినా వోక్స్‌వ్యాగన్ సంస్థ అదే ఏడాది తన ఎనిమిదవ తరం గోల్ఫ్ కారులో ఆ విధానాన్ని ప్రవేశపెట్టింది. చైనా 2018లో 5.905 నుంచి 5.925 వరకు గల 20 మెగాహెర్ట్జ్‌ను సెల్యులార్ కుటుంబ విధానానికి ప్రత్యేకించి, వూషీ వంటి నగరాలలో ప్రయోగాలు చేపట్టింది. జపాన్ మార్గం భిన్నమైనది. అనలాగ్ టెలివిజన్ ఖాళీ చేసిన 760 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని ఎంచుకున్నది. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు భవనాల మూలలు దాటి వంగి ప్రయాణించగలవు కనుక, ఇరుకు వీధుల కూడళ్లకు అవి అనుకూలమని అక్కడి నిపుణుల అభిప్రాయం. 2015లో టయోటా ఈ విధానంతో కార్లు విడుదల చేసింది.

మన దేశంలో

జాతీయ రహదారుల టోల్ కేంద్రాల వద్ద 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయిన ఫాస్టాగ్‌ను ఈ వ్యవస్థకు తొలిమెట్టుగా కొందరు పేర్కొంటున్నారు. రెండింటికీ మౌలికమైన తేడా ఉన్నది. ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. అది 865-867 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, టోల్ ద్వారంలోని పరికరం పంపిన తరంగ శక్తితోనే మేల్కొని తన సంఖ్యను తెలియజేసి ఊరుకుంటుంది. ఎదుటి వాహనం గురించి దానికి తెలియదు, చోదకునికి అది ఏమీ చెప్పలేదు. ప్రయాణికుల వాహనాలలో ఎ.ఐ.ఎస్.-140 ప్రమాణం మేరకు అమర్చుతున్న స్థాన సూచిక, అత్యవసర బొత్తాము గల పరికరం సెల్ టవర్ల ద్వారా కేంద్రానికి సమాచారం పంపుతుంది. అదీ ఈ కోవకు చెందదు. క్షణంలో పదోవంతులో పక్క వాహనానికి నేరుగా చేరవలసిన హెచ్చరికను టవరు, కేంద్ర కంప్యూటరు చుట్టూ తిప్పి అందించడం దాని ఉద్దేశం కాదు.

తెలంగాణ రాష్ట్రంలో సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐ.ఐ.టి.లో ఈ రంగానికి సంబంధించిన పరిశోధన జరుగుతున్నది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 130 కోట్ల రూపాయల సహాయంతో అక్కడ నెలకొల్పిన తిహాన్ అనే చోదకరహిత వాహనాల పరీక్షా క్షేత్రానికి 2020 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 2022 జులైలో కేంద్ర మంత్రి డాక్టర్ జితేంద్ర సింగ్ దానిని ప్రారంభించారు. అదే సంవత్సరం సుజుకి మోటార్, మారుతి సుజుకి సంస్థలతో కలసి ఈ ఐ.ఐ.టి. వాహన సంభాషణ విధానాన్ని ప్రదర్శించింది. అంబులెన్స్ రాక, ఎదురు దిశలో వచ్చే వాహనం, పాదచారి, మోటారు సైకిలు, రహదారి స్థితి, వీటిపై హెచ్చరికలు అందులో ఉన్నాయి. ఈ అయిదింటిలో ఎదురు దిశ వాహనం, మోటారు సైకిలు ఉండడం మన రహదారులను ఎరిగినవారు చేసిన ఎంపిక.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాలు తెలియజేస్తున్నాయి. మృతులలో దాదాపు 44 శాతం మంది ద్విచక్ర వాహనదారులు. అమెరికా లెక్కలన్నీ కార్లను ఆధారం చేసుకుని వేసినవి. కారులో అమర్చే పరికరాన్ని, దాని తెరను, శబ్దాన్ని స్కూటరుపై హెల్మెట్ ధరించి వెళ్లే వ్యక్తికి యథాతథంగా అన్వయించలేము. అదేవిధంగా కూడలి పటం సందేశం వరుసల ఆధారంగా తయారవుతుంది. మూడు వరుసల దారిలో ఐదు వరుసలుగా వాహనాలు నిలిచే చోట ఆ పటానికి అర్థం మారిపోతుంది. కనుక ఆరంభదశలో వరుసలతో నిమిత్తం లేని అనువర్తనాలే, అంటే అంబులెన్సులకు, బస్సులకు దారి ఇవ్వడం వంటివే, మన నగరాలకు అనువైనవిగా కనిపిస్తున్నాయి.

కొనుగోలు దశలో పరిశీలించవలసిన విషయాలపై అమెరికా నగరాల అనుభవం స్పష్టంగా ఉన్నది. స్తంభంపై పెట్టెలో రేడియో భాగాన్ని మాత్రమే మార్చుకునే వీలు ఉన్నచోట మార్పు భారం తగ్గింది. మొత్తం పెట్టెను మార్చవలసి వచ్చిన చోట అది రెట్టింపు పని అయినది. కూడలిలోని సిగ్నల్ నియంత్రణ యంత్రం పాతదైతే, దీపం ఎప్పుడు మారనున్నదో అది బయటకు చెప్పలేదు. అటువంటి చోట ఎంత ఖరీదైన రేడియో తగిలించినా ప్రయోజనం శూన్యం. టెండరు పత్రాలలో అసలు కనిపించని అంశం ధ్రువపత్రాలది. గడువు తీరిన ధ్రువపత్రంతో పంపిన హెచ్చరికను వాహనాలు విశ్వసించవు. ఐదేళ్ల తరువాత వాటిని పునరుద్ధరించే బాధ్యత సరఫరాదారుదా, పురపాలక సంస్థదా అన్నది ఒప్పందంలోనే తేలవలసి ఉంటుంది. సిగ్నల్ దీపాలు పోలీసు శాఖ పర్యవేక్షణలో, స్తంభాలు పురపాలక సంస్థ ఆధీనంలో, బస్సులు రోడ్డు రవాణా సంస్థ చేతిలో, తరంగ పట్టీ కేంద్ర ప్రభుత్వ టెలికాం విభాగం పరిధిలో ఉన్న మన ఏర్పాటులో, ఈ నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడానికి ముందు పరికరాలకు టెండర్లు పిలవడం తొందరపాటే అవుతుంది.